మంకెనచిక్కుడు తీగ

అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. గెలిచేది చిన్నవాడేనని మీకు ముందే తెలుసు కదూ? తెలిస్తే తెలిసింది, ఎలా గెలిచాడో వినండి.

ఏడు సముద్రాల అవతల కరకంఠుడనే మాంత్రికుడు రాకుమారి హేమవల్లిని కోటలో బంధించాడు. వాడి ప్రాణం కిటికీలో వేలాడే పంజరంలోని చిలుకలో ఉంది. పంజరం తలుపు బార్లా తెరిచే ఉంటుంది. కానీ అందులో చెయ్యి పెట్టినవాడు రాయైపోతాడు. పెద్ద రాకుమారుడు కత్తి పట్టుకుని వెళ్లాడు, రాయైపోయాడు. రెండోవాడు వల పట్టుకుని వెళ్లాడు, రాయైపోయాడు.

మూడోవాడు కేదారుడు. "అన్నల్నీ రాకుమారినీ తీసుకునే వస్తాను, దిగులుపడకండి నాన్నగారూ!" అని ఓడెక్కాడు.

సముద్రాలన్నీ దాటి ఒడ్డున కూర్చుని అటుకులు తింటుంటే ఓ ముసలి ఉడుత వచ్చింది. కేదారుడు దానికీ ఓ గుప్పెడు పెట్టాడు.

ఉడుత మురిసిపోయింది. "ఆ చిలుక తనంతట తానే బయటికొస్తే నీకు ఏ భయమూ లేదు నాయనా. దానికి మంకెనచిక్కుడంటే మహా ఇష్టం. ఎర్రటి పూలు, ఊదారంగు కాయలు. కళ్లకి పండగ, కడుపుకీ పండగ. ఇవిగో మూడు గింజలు."

కేదారుడు కిటికీ కింద మోకాలి లోతు గొయ్యి తీసి మొదటి గింజ పాతాడు. అది కుళ్లిపోయింది. రెండోది పైపైన పాతి నీళ్లు పోశాడు. ఎన్నాళ్లకీ మొలవకపోతే తవ్వి చూశాడు. గులకరాయిలా అలాగే ఉంది. పెంకు విప్పుదామని బండతో ఒక్కటిచ్చాడు. గింజ పిండైపోయింది!

"అయ్యో, గింజ మీద కూడా యుద్ధమేనా?" అని ఉడుత నవ్వింది. "ఈ మూడో గింజకి మొలకొచ్చే కన్ను ఉన్న వైపు ముట్టుకోకు. వెనకవైపు రాతిమీద కాస్త గీరు. నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, ఊరుకో."

"ఊరుకోవడమే కష్టం" అన్నాడు కేదారుడు. అయినా ఊరుకున్నాడు. తెల్లటి మొలక తొంగిచూసింది. దాన్ని వేలి కణుపు లోతున పాతి, చీమలు రాకుండా చుట్టూ బూడిద చల్లాడు.

కరకంఠుడు పైనుంచి విరగబడి నవ్వాడు. "రాకుమారుడు కూరగాయలు పండించుకుంటున్నాడు!"

హేమవల్లి మాత్రం బియ్యం కడిగిన నీళ్లు రోజూ కిటికీలోంచి తీగ మొదట్లో పోసేది. తీగ గోడంతా పాకింది. ఎర్రగా పూసింది, ఊదాగా కాసింది. చిలుక చూసింది, మెడ సాచింది, రివ్వున బయటికొచ్చి తీగమీద వాలింది. కేదారుడు ఓ కాయ అందిస్తే వచ్చి భుజమెక్కింది.

కరకంఠుడు పరుగున వచ్చి కాళ్లమీద పడ్డాడు. "దాని మెడ నులమకు బాబూ!"

"చిలుక మెడ నాకెందుకు? అన్నల్ని మనుషుల్ని చెయ్యి. రాకుమారిని వదిలెయ్యి."

రెండూ వెంటనే జరిగాయి. అన్నలు ఆవులిస్తూ లేచి తమ్ముణ్ణి కావలించుకుని ఏడ్చేశారు. హేమవల్లికీ కేదారుడికీ ఊరంతా మెచ్చేలా పెళ్లయింది, చల్లగా చాలా ఏళ్లు ఏలారు. చిలుక మళ్లీ పంజరం ముఖం చూడలేదు. అది పస్తుంటే తన ప్రాణమే విలవిల్లాడుతుంది కదా, అందుకని కరకంఠుడు మంత్రాలన్నీ మానేసి చిక్కుడు పందిళ్లు వేస్తూ, "ఇంకొక్క కాయ తిను చిలకమ్మా, నా తల్లివి కదూ!" అని దాని వెనకే తిరిగేవాడు.