తెర వెనక సింహాద్రి పోయిన రోజు

అనగా అనగా గోరింటపాడని ఒక ఊరుండేదిట. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మని ఒకావిడ. మంచిదే పాపం, నోరే గంపెడు. కోడి కూస్తే కోడి మీద కోపం, కుయ్యకపోతే ఇంకా కోపం. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పోయిననాడు కూడా కంట చుక్క పెట్టకుండా, వచ్చినవాళ్ళకి మజ్జిగ అందిందా లేదా అని చూసుకున్న మనిషి. ఒక కొడుకు, వాడి పెళ్ళాం మంగతాయారు, పెళ్ళికెదిగిన కూతురు బుల్లెమ్మాయి. అంతే ఆ ఇల్లు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, గోడకి చెబుతున్నట్టుంది నాకు.

ఆ వేళ బుల్లెమ్మాయికి పెళ్ళిచూపులు. కొత్తలంక నించి మగపెళ్ళివారొస్తున్నారు. అంతకు ముందొచ్చిన సంబంధాలన్నీ అచ్చియ్యమ్మ నోటికి జడిసి వెనక్కి పోయినవే. ఇదైనా కుదరాలని ఆవిడ పెందలాడే లేచి, వాకిలి కడిగి, ముగ్గేసి, వంటింట్లోకి వెళ్తే ఏముంది? పొయ్యిలో పిల్లి పడుకునుంది. పొయ్యి పక్కన కోడలు వెక్కి వెక్కి ఏడుస్తోంది.

అచ్చియ్యమ్మ గబగబా దగ్గరికెళ్ళింది. మీ పుట్టింట్లో ఎవరైనా పోయారుటే అని అడిగింది. కాదత్తయ్యా, బొమ్మలాట సింహాద్రి పోయాడుట అందిట కోడలు.

సింహాద్రంటే ఎవరనుకున్నారు? తోలుబొమ్మలాడించేవాడు. ఏడాదికోసారి, కోతలయ్యాక వచ్చేవాడు. తెల్లటి తెర కట్టి, వెనకాల దీపాలు పెట్టి, రాజుకో గొంతు, రాణికో గొంతు, దెయ్యానికో గొంతు, అన్నీ తనే పలికేవాడు. మనిషెప్పుడూ తెర వెనకే. నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో ఊళ్ళో ఒక్కరెరగరు.

"మొహం తెలీనివాడికి శోకాలా! మన కులమా, గోత్రమా, మేనమామా, మేనత్త మొగుడా! లే, లేచి గారెలకి పప్పు రుబ్బు!" అని అచ్చియ్యమ్మ కేకలేసింది.

కోడలు లేచింది. రుబ్బింది. రుబ్బుతూ ఏడ్చింది. ఏడుస్తూ చెప్పిందిట, కాపురానికొచ్చిన కొత్తలో నాకు ఏడవడానికి చోటుండేది కాదత్తయ్యా, ఏడిస్తే మీరు తిట్టేవారు, ఆ బొమ్మలాటలో రాకుమార్తె అడివికి పోతూ ఏడుస్తుందే, అప్పుడు నేనూ కడుపారా ఏడ్చేదాన్ని, ఎందుకేడుస్తున్నావని ఎవ్వరూ అడిగేవారు కాదు అని.

అచ్చియ్యమ్మ పిండిలోకి తొంగి చూసింది. "ఇప్పుడు దొరికిందిగా చోటు, నా పిండి మీద! ఇంక ఉప్పెయ్యక్కర్లేదులే" అని తల కొట్టుకుంది.

సరే, నూనె తెమ్మని కొడుకుని పంపింది. వాడు ఉత్త ముంతతో వచ్చాడు. నూనేదిరా అంటే గానుగ తిరగలేదన్నాడు. గానుగెందుకు తిరగలేదురా అంటే ఎద్దుని కట్టలేదన్నాడు. ఎద్దునెందుకు కట్టలేదురా అంటే కట్టేవాడు అరుగు మీద కూలబడ్డాడన్నాడు. ఎందుకు కూలబడ్డాడురా అంటే సింహాద్రి పోయాడమ్మా అని, వీడూ కండువాతో కళ్ళొత్తుకున్నాడు. పూలకి వెళ్తే పూలమ్మాయి దండ కట్టలేదు. పాలకి వెళ్తే పాలవాడు దూడనే విప్పలేదు. అచ్చియ్యమ్మకి ఒళ్ళు మండిపోయింది. వీధిలో నిలబడి, మీ ఇళ్ళలో పీనుగలు లేచినా ఇంత ఏడవరుకదర్రా అని ఊరు ఊరంతటినీ దులిపేసింది. ఏం లాభం? ముక్కులు చీదుకుంటూ అవునవునన్నారు తప్ప ఒక్కడూ కదల్లేదు. నవ్వకండి. మొన్న టీవీలో పాటలావిడెవరో పోయిందని చెప్పగానే మీ అమ్మ పొయ్యి మీద పాలు పొంగబెట్టుకోలేదూ? అదీ ఇదే.

పొద్దు నడినెత్తి దాటింది. మగపెళ్ళివారి జాడ లేదు. ఇంట్లో ఉన్న అడుగూబొడుగూ నూనెతో వేసిన నాలుగు గారెలూ చల్లారిపోయాయి. చివరికెప్పుడో వచ్చారు, పెళ్ళికొడుకు వీరాస్వామి, వాళ్ళమ్మ రాఘవమ్మ. తడి బట్టలు, ఉబ్బిన కళ్ళు. దారిలో సింహాద్రిని సాగనంపి, కాలవలో మునిగి వస్తున్నామండీ, ఏమీ అనుకోకండి అందిట రాఘవమ్మ.

ఇంకేముంది! గరిటె పట్టుకునే గుమ్మంలోకొచ్చింది అచ్చియ్యమ్మ. "కాటికెళ్ళి తిన్నగా పెళ్ళిచూపులకొస్తారా! శుభమా అని పిల్లని చూడ్డానికొస్తూ శవాన్ని చూసొస్తారా! వాడు మీకేమవుతాడని?"

తలుపు చాటున బుల్లెమ్మాయి కళ్ళు మూసుకుంది. ఈ సంబంధమూ పోయిందనుకుంది.

రాఘవమ్మ మొహం ఎర్రబడింది. పదరా పోదాం అని కొడుకు చెయ్యి పట్టుకుంది. ఆ అబ్బాయి కదల్లేదు. నెమ్మదిగా చెప్పాడు.

"నాకు చిన్నప్పుడు నత్తి ఉండేదండీ. నోరు తెరిస్తే నవ్వేవారు. సింహాద్రి మావయ్య ఆటలో పెళ్ళాన్ని నవ్వించే బొజ్జమావ బొమ్మ ఉండేది చూడండి, దాని మాటలు పొలం గట్టున ఒక్కణ్ణే అనుకుంటూ అనుకుంటూ నాలిక తిప్పుకున్నాను. ఆయనకి నేనెవరో తెలీదు. నాకు మాత్రం మాటిచ్చిందాయనే." అని, ఆ బొమ్మ గొంతుతోనే అనేశాడు: "ఆకలేస్తే కోపమొస్తుందే, కోపమొస్తే ఆకలేస్తుందే, రెండిటికీ మందు నీ చేతి పులుసేనే!"

అచ్చియ్యమ్మ చేతిలో గరిటె జారిపోయింది.

ఎందుకంటే, ఆవిడ మొగుడున్నాడే, ఆవిడ కోపంతో ఊగిపోయినప్పుడల్లా ఆ మాటే అనేవాడు, అచ్చం ఆ బొమ్మ గొంతుతో. ఆవిడకి నవ్వొచ్చేసేది. ఆయన పోయాక ఇంట్లో ఆ మాట లేదు. ఏడాదికోసారి తెర వెనకనించే వినపడేది. కోడలికి కాపలా అని వంక పెట్టుకుని వెళ్ళి, వెనకాల కొంగు కప్పుకు కూచుని విని వచ్చేది. ఎవరికీ తెలీదు.

గడప మీద కూలబడింది. "ఇంకోసారి అను నాయనా" అంది. అబ్బాయి మళ్ళీ అన్నాడు. అంతే, భోరుమంది. ఇన్నాళ్ళూ ఏడాదికోసారైనా ఆయన మాట చెవినబడేదే, ఇక ఆ తెర కూడా కట్టరే అని, మొగుడు పోయిననాడు ఏడవాల్సిందంతా అప్పుడేడ్చింది. మంగతాయారు వచ్చి పక్కన కూచుంది. ఎందుకేడుస్తున్నారని అడగలేదు. చూశారా ఆ పిల్ల తెలివి! కొంగుతో అత్తగారి మొహం తుడిచిందంతే.

ఈ లోపల బుల్లెమ్మాయి, పిలవకుండానే, తలొంచుకోకుండానే బయటికొచ్చి ఆ అబ్బాయికి మంచినీళ్ళిచ్చింది. తడి బట్టలతో ఎంతసేపు నిలబడతారు, లోపలికి రండి అంది. రాఘవమ్మ పట్టుకున్న చెయ్యి వదిలేసింది. తల్లికి నోరుందని చెప్పారు గానీ గుండె ఉందని ఎవరూ చెప్పలేదమ్మా అని నవ్విందిట. సంబంధం కుదిరిపోయింది. పెళ్ళీ అయింది, పిల్లలూ పుట్టారు, అందరూ చల్లగా ఉన్నారు. అచ్చియ్యమ్మ నోరు తగ్గిందా? ఎక్కడ తగ్గుతుంది! వియ్యాలవారి ఊరు కూడా కలిసొచ్చింది తిట్టడానికి.

అందుకే చెబుతున్నా, ముక్కూమొహం తెలీని మనిషికోసం ఎవరైనా ఏడుస్తుంటే, వాడు నీకేమవుతాడని మాత్రం అడక్కండి. పాపం వాళ్ళకీ తెలీదు, వాడితోపాటు తమదేం పోయిందో. పక్కన కూచోండి, చాలు.

కథ కంచి దారి పట్టింది. మీరింక కళ్ళు మూయండర్రా, నా గొంతెండిపోయింది.