మజాలమ్మ ఊక కుండ

అనగా అనగా, మా తాతకు తాత కూడా "ఎప్పుడోలే" అని తప్పించుకునేంత కాలం కింద, కళింగపు ఒడ్డున ఒక రేవు. ఏ సంవత్సరమో అడక్కండి, నిన్న తిన్న కూరే నాకు గుర్తుండదు. ఆ రేవుకి ఓడలో కొన్ని యూదు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి.

వాళ్లలో మొగుడు పోయిన పేదరాలు మజాల్. ఊరు ఆమెను మజాలమ్మను చేసుకుంది. ఆమె చీర కట్టింది, గడపకు పసుపు రాసింది, ఆవకాయ తిని కళ్లనీళ్లు తుడుచుకుంటూ మళ్లీ వెయ్యమంది. ఒక్కటి మాత్రం వదల్లేదు. శనివారం వాళ్లకు విశ్రాంతి రోజు. పొయ్యి వెలిగించకూడదు, అమ్మకూడదు, కొనకూడదు. అందుకని శుక్రవారం పొద్దుండగానే బియ్యం, శనగలు, లవంగాలు కుండలో వేసి, మూతకు పిండి మెత్తి, మర్నాటిదాకా వెచ్చగా ఉండేలా రాజుకున్న ఊకలో పాతేది.

కొడుకు ఎజ్రా బట్టలమ్మేవాడు. ఆ ఊరి సంతేమో శనివారమే.

"ఆ రోజు ఇంట్లో కూర్చుంటే మనకు గోచీ కూడా మిగలదమ్మా," అని మూటెత్తాడు.

మొదటి శనివారం మజాలమ్మ తినకుండా కూర్చుంది. కొడుకు చీకటిపడ్డాక వచ్చాడు. "కుండ ఇంకా వెచ్చగానే ఉంది, రా నాయనా," అంది.

రెండో శనివారం సంతకే వెళ్లింది. "కుండ ఇంకా వెచ్చగానే ఉంది, రా నాయనా."

"బేరం మధ్యలో ఏంటమ్మా!" అని కసిరాడు.

ఇలాగే సాగితే వీడి పిల్లలకు శనివారమంటే సంతే గాని ఇల్లు కాదనుకుంది మజాలమ్మ. మూడో శుక్రవారం పక్కింటి సన్యాసమ్మను పెళ్లిళ్ల గుండిగ అడిగింది.

"ఎవరికే పెళ్లి?"

"పెళ్లి కాదు వదినా. కొడుకును ఇంటికి తెచ్చుకోవాలి."

మర్నాడు మధ్యాహ్నం ఊకలో ఉన్న ఆ గుండిగ మూత కాస్త జరిపింది. వాసన సంతకు పోయింది. ముందు చేపలవాళ్లొచ్చారు, తర్వాత కుండలవాళ్లు, ఆఖరికి బేరగాళ్లందరూ. పరాయింట ముట్టని పెద్దలు పెరట్లో నిలబడి వాసన మాత్రం పుచ్చుకున్నారు.

ఎజ్రా కాసేపు ఈగలకు చీరలు చూపించి ఇంటికొచ్చాడు. సంతంతా విస్తళ్ల ముందుంది!

"ఇక్కడేం చేస్తున్నారయ్యా?"

"నీ కోసమే, మహానుభావా! నువ్వొస్తేగాని వడ్డించదట మీ అమ్మ. కాళ్లు కడుక్కుని తగలడు!"

ఎజ్రా ద్రాక్షరసం గిన్నె పట్టుకుని, శనివారం తిండికి ముందు వాళ్లు చదివే దీవెన చదివాడు. సగం మరిచిపోయాడు. మిగతా సగం తల్లి అందించింది.

శనివారం తిండీ, ఆదివారం సంతా అయితే రెండూ దక్కుతాయని పెద్దలు అక్కడే తేల్చేశారు, ఈసారి విస్తరి ముందు కూర్చుని.

మజాలమ్మ పోయి ఎన్నో తరాలైంది. అక్కడ సంత ఇప్పటికీ ఆదివారమే. శనివారం యూదుల ఇళ్లలోనే కాదు, సన్యాసమ్మ వంశం వాళ్లింట్లోనూ ఊకలోంచి కుండ తీస్తారు. ఇంటి మనిషి ఒక్కరు రాకపోయినా వడ్డించరు. గుమ్మంలోకెళ్లి కేకేస్తారు:

"కుండ ఇంకా వెచ్చగానే ఉంది, రా నాయనా!"