గొట్టంలో వెలుగు

రాపూరు బజారులో తుపాకులు బాగుచేసే దస్తగిరి సాహెబుకి ఒక అలవాటుండేది. శిష్యుడు పెంచలయ్య ఎంత శుభ్రంగా తుడిచి ఇచ్చినా సరే, తుపాకీని మధ్యలో మడిచి విప్పి, గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. అవతల వెలుగు కనబడ్డాకే తూటా ముట్టుకునేవాడు. ఇప్పుడు ఆ కొట్టూ లేదు, ఆ నూనె వాసనా లేదు. డెబ్బై దాటిన పెంచలయ్యకు మాత్రం ఆ మూసిన కన్ను నిన్న మొన్న చూసినట్టే ఉంటుంది.

చేరిన ఆరేళ్ళకు ఒక ఉదయం పెంచలయ్యకు రోషం వచ్చింది. "నేను తుడిచిందాన్ని మళ్ళీ చూస్తారేంది ఉస్తాద్? ఇన్నేళ్ళయినా నామీద నమ్మకం కుదర్లేదా?" అని అడిగేశాడు. లేదని జవాబొస్తే ఆ పూటే పని మానేసి పోదామని అతని ఉద్దేశం. సాహెబు చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

అంతలో చెంగల్ రెడ్డి అనే రైతు తన పన్నెండు బోరు తుపాకీ భుజాన వేసుకుని రొప్పుతూ వచ్చాడు. వేరుశనగ చేనంతా అడవి పందులు కుళ్ళగిస్తున్నాయట. "మా బావమరిదిని అడిగి తూటా తెచ్చి పెట్టా సాయిబన్నా. మీట నొక్కితే చప్పుడే లేదు. విప్పి చూస్తే తూటా కూడా లేదు. ఎక్కడ జారిపోయిందో ఏమో!"

రోషం మీదున్న పెంచలయ్య తుపాకీ లాక్కున్నాడు. విప్పాడు, తూటా పెట్టే చోటు ఖాళీ. మూసి మీట నొక్కితే టక్కుమంది. "దీనికేం రోగం లేదు. పేల్చి చూపిస్తా, రండి" అంటూ పెరట్లోకి నడిచాడు. కొట్లోని పన్నెండు బోరు తూటా ఒకటి దూర్చి మట్టిగోడకు గురిపెట్టాడు. ఉస్తాద్ కళ్ళ ముందే తానొక్కడే పని తేల్చేయాలి మరి!

"పెంచలయ్యా, వెలుగు చూశావా?" అన్నాడు చాయ్ గ్లాసుతోనే వెనకాల వచ్చిన సాహెబు.

అబ్బ, మళ్ళీ అదే మాట! విసుక్కుంటూనే తూటా తీసేసి గొట్టం ఎత్తాడు. అవతల వెలుగు లేదు. సాహెబు ఇచ్చిన పుల్లతో మూతి వైపు నుంచి మెల్లగా నెడితే, సన్నటి తూటా ఒకటి జారి అరచేతిలో పడింది. ఇరవై బోరుది.

చెంగల్ రెడ్డి నోరు వెళ్ళబెట్టాడు. "ఇరవై అంటే పన్నెండు కంటే గట్టిదనుకున్నా గదన్నా! పందికని అడిగి మరీ తెచ్చా."

"ఆ అంకె తిరగేసి చదవాల రెడ్డీ," అన్నాడు సాహెబు. "ఒక పౌండు సీసాన్ని పన్నెండు ఉండలు చేస్తే, ఒక్కో ఉండ పట్టేంత గొట్టం పన్నెండు బోరు. అదే సీసం ఇరవై ఉండలు చేస్తే ఉండ చిన్నదైపోదా? పెద్ద తూటా అయితే లోపలికే పోదు, గొడవ లేదు. చిన్నదే ముందుకు జారి ఇరుక్కుంటది. దాని వెనక అసలుది పేలిందంటే గొట్టం పగిలి, పట్టుకున్న చెయ్యి పోతది."

పెంచలయ్య తన ఎడమ చెయ్యి కేసి చూసుకున్నాడు. అక్కడే మట్టిలో కూలబడ్డాడు. సిగ్గూ భయమూ కలిసి ఏడుపొచ్చేసింది.

"లోపల ఉందని మీకు ముందే తెలుసా ఉస్తాద్?"

"నాకేం తెలుసు నాయనా," అన్నాడు సాహెబు, చల్లారిపోయిన చాయ్ పారబోస్తూ. "తెలియకే గదా, రోజూ చూసేది."