ఏలెర అన్న మాట
కొండ కింది మిట్ట మీద విడిది మేడ కట్టించాలని ఒక రాజుగారికి బుద్ధి పుట్టింది. రాజుగారికి బుద్ధి పుడితే పండితులకు పని పుడుతుంది. ఆ మిట్ట మీద రాజుగారి ముత్తాత నాటించిన శాసనం రాయి ఉంది. "ఈ మిట్టను గొల్లలకు ఏలెరగా ఇచ్చాము" అని దాని మీద చెక్కి ఉంది.

ఆస్థాన పండితుడు వామన చయనులు అది చదివి పెదవి విరిచాడు.

"ఏలెర ఏ నిఘంటువులోనూ లేదు ప్రభూ. చచ్చిన మాట. అర్థం లేని దానం చెల్లదు."

గొల్లల ముసలి బీరమ్మ ముందుకొచ్చింది. "ఏలెరంటే మేత మిట్టయ్యా. మేం రోజూ అనే మాటే."

"మిట్ట కావలసినదానివి, ఇంకేమంటావు? అబద్ధమాడని సాక్షిని తీసుకురా."

"అబద్ధమాడడం చేతకానివాళ్లే రెండువందల మంది ఉన్నారు. అదిగో, వాగొడ్డున పడుకున్నారు. నేను పిలిస్తే నా గొంతు గుర్తుపట్టారంటారు. తమరే ఆ మాటతో పిలవండి."

అక్కడ పడుకున్నది గొర్రెల మంద. చయనులు నవ్వి, ముందు తన భాషలో "తృణభూమి!" అని గంభీరంగా కేకేశాడు. ఒక్క గొర్రె కూడా తల తిప్పలేదు. రాజుగారు చూస్తున్నారు కనుక, తప్పక "ఏలెర!" అన్నాడు.

మందంతా ఒక్కసారిగా లేచి, పండితుణ్ణి ఒరుసుకుంటూ మిట్టెక్కి మేయసాగింది.

రాజుగారు మేస్త్రీలను వెనక్కి పంపేసి, చాలాసేపు ఆ రాతినే చూశారు. "మా ముత్తాత మాట మా ఇంట్లో ఎప్పుడు చచ్చిపోయిందో!" అన్నారు మెల్లగా.

"చావలేదు దొరా," అంది బీరమ్మ. "మీరు మరిచిపోయిన నాటినుంచీ మా గొర్రెలతో కలిసి మేస్తోంది."