వాయిదా వేసిన పాలు

గాలికుంటు జబ్బు అడవంతా పాకుతోందని, పశువులేవీ దొడ్డి దాటి మేతకు వెళ్లకూడదని సింహం ఆజ్ఞ వేసింది. ముత్తాలు అనే గేదె దానికి ఎదురు చెప్పలేదు. దాని బెంగల్లా దూడ గురించే. మేత లేకపోతే పాలుండవు, పాలు లేకపోతే దూడ దక్కదు.

ఇలాంటి రోజు వస్తుందనే పశువులన్నీ ఏటా తలా కొంత గడ్డి రాజుగారి వాములో వేశాయి. అది కాక రాజుగారి కూనలకు రోజూ కుండెడు పాలు పన్ను. వాము కొండలా పెరిగి అక్కడే ఉంది.

ఒక పొద్దున మంత్రి నక్క దొడ్డి ముందు నిలబడి గొంతు సవరించుకుంది. "మీ కష్టం చూసి రాజుగారు కరిగిపోయారు. జబ్బు తగ్గేదాకా పాలపన్ను కట్టక్కర్లేదు. తగ్గాక అంతా కలిపి ఒకేసారి కడుదురుగాని."

"ఒకేసారి ఎలా ఇస్తానయ్యా? పొదుగేమన్నా గాదె అనుకున్నావా, దాచిపెట్టి తీయడానికి?" అంది ముత్తాలు. "పన్ను రోజూ పట్టుకెళ్లు, వద్దనను. ఆ వాములోంచి నాలుగు మోపుల గడ్డి పడేయి చాలు."

"వాము తరిగితే ఖజానా ఖాళీ చేశానని నాకు పేరొస్తుంది. ఇంత దయ చూపిస్తే ఇంకా సణుగుతావేమమ్మా?"

"పోనీలే అక్కా, ఏదో ఒకటి చేశారుగా, సర్దుకుపోదాం" అంది పక్కనున్న ఎద్దు.

ముత్తాలుకు ఒళ్లు మండింది. ఖాళీ గాడి నాకుతూ సర్దుకుపోదామనేవాడితో ఏం మాట్లాడతాం?

పొదుగు రోజురోజుకీ వడిలి, చివరికి పాలు బొత్తిగా నిలిచిపోయాయి. దూడ కుమ్మి కుమ్మి విసిగి, కింద పరిచిన ఎండుటాకులు నమిలి ఎలాగో ప్రాణం నిలుపుకుంది.

జబ్బు తగ్గింది. నక్క బండెడు కుండలతో దిగింది. తన తెలివి చూపించుకోవాలని సింహాన్నీ వెంటబెట్టుకొచ్చింది. "వాములో పరక కూడా తరగలేదు మహారాజా" అంటూ పొదుగు కింద కుండ పెట్టి లాగింది. చుక్క రాలేదు.

"నా పిల్లల పాలెక్కడ?" అంది సింహం.

"తమరి వాములోనే ఉన్నాయి మహారాజా" అంది ముత్తాలు విసుగ్గా. "ఆ గడ్డి నా కడుపులో పడితే పాలయ్యేది. మంత్రిగారు పరక తరగకుండా దాచారు. ఇప్పుడు వామునే పిండమనండి."

సింహం వాము వంక చూసింది. దాన్ని విప్పి దొడ్లన్నిటికీ పంచమంది. ఖాళీ కుండ నక్క మెడకు కట్టించి, "ఇది నిండేదాకా నా గుహకు రాకు" అంది. నక్క ఆవునడిగింది, మేకనడిగింది. అన్నీ వట్టిపోయే ఉన్నాయి.

నీతి: కష్టకాలంలో మేత బిగబట్టిన రాజుకు మంచికాలంలో పన్ను పుట్టదు.