భర్త తప్పనిసరి

నిరంజన్ సరిగ్గా తినడం లేదు. ప్రేమా కాదు, జబ్బూ కాదు. డేటాబేస్‌తో మాట్లాడడానికి ఏ టూల్ వాడాలో తేలడం లేదు.

చిలకలూరిపేటలో ఎరువుల కొట్టు పైన కోటేశ్వరి మేడం ఆఫీసు. ప్రోగ్రాములు రాయడం ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు చాలా ఊళ్ళలో ఉన్నారు. నిరంజన్ ఇంకా ఇక్కడే ఉన్నాడు. ఈమధ్యే మొదటిసారి ఒక పని మొత్తం అతనికే వదిలేసిందావిడ. మహిళా పాల సంఘానికి ప్రోగ్రాం. సభ్యులెవరు, ఎవరెన్ని పాలు పోశారు, అంతా డేటాబేస్‌లో ఉండాలి. సోమవారం నుంచి సంఘం దాన్ని వాడుతుంది.

డేటాబేస్‌కి దాని భాష దానికుంది. ఆ భాషలో ప్రతి మాటా మనమే రాసుకోవచ్చు. విసుగనుకుంటే మన బదులు మాట్లాడిపెట్టే టూల్స్ ఉన్నాయి. నిరంజన్ వాటి గుణగణాలు పెళ్ళిసంబంధాల్లా పోల్చి పోల్చి, చివరికి ఒకదాని మీద మనసు పారేసుకుని మేడం ముందుకొచ్చాడు.

"దీనికి విడమరిచి చెప్పక్కర్లేదు మేడం. మన మనసులో మాట అదే కనిపెట్టి డేటాబేస్‌కి చెప్పేస్తుంది."

"చెప్పకుండానే కనిపెడుతుందా?"

"అవును మేడం."

"ఇన్నేళ్ళ కాపురంలో అలాంటిది నాకొక్కటీ తగల్లేదు. ఏదీ, చూపించు."

అంతలో ఫోను మోగింది. పాల సంఘం అధ్యక్షురాలు సూరమ్మ. గొంతు గదంతా వినిపిస్తోంది.

"మేడం, మన చిట్టెమ్మ మొగుడు పోయాడు గదా. ఆయన పేరు తీసెయ్యాలంట. మీ కంప్యూటర్ రాగానే అదే మొదటి పని. పాపం, పెద్ద దినం నాడు కూడా పాలు పొయ్యడం మానలేదమ్మా ఆవిడ."

"అలాగేలే సూరమ్మా" అని మేడం ఫోను పెట్టేసి నిరంజన్ వైపు తిరిగింది. "సభ్యుల్లో నా పేరు ఎక్కించు."

ఎక్కించబోయాడు. తెర మీద ఒక గడి ఎర్రగా మెరిసింది. భర్త పేరు లేనిదే ముందుకు పోనంది.

"భర్త తప్పనిసరి మేడం. సంఘం కార్డుల మీద అలాగే ఉంది, ఫలానా ఆవిడ, భర్త ఫలానా అని. అందుకే ముందు భర్తని పెట్టి, ఆయన కింద భార్యని పెట్టాను."

"పాలు పోసేదెవరు?"

"భార్యే మేడం."

"ఊఁ. మా ఆయన పేరు సాంబశివరావు. రాయి."

రాశాడు. ఇద్దరూ ఒకరి కింద ఒకరు చక్కగా కూర్చున్నారు.

"ఇప్పుడు మా ఆయన్ని తీసెయ్."

"అయ్యో మేడం! మంగళవారం పూట!"

"ఆయనకేం కాదు. ఇంట్లో టీవీ ముందున్నాడు. తీసెయ్."

ఒక మీట నొక్కాడు. సాంబశివరావు మాయమయ్యాడు. "చూశారా మేడం, ఎంత సులువో!"

"ఇప్పుడు నన్ను పిలువు."

కోటేశ్వరి అని కొట్టాడు. దొరకలేదంది. ఇంటిపేరుతో కొట్టాడు. దొరకలేదంది.

"ఏదో తేడా జరిగింది మేడం. మీరు..."

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది.

"మేడం?"

పలకలేదు.

"కోపమా మేడం?"

పలకలేదు. టీ వచ్చింది. ముట్టుకోలేదు. పక్క బల్ల దగ్గర పనిచేసే ఫాతిమా లేచొచ్చి ఆ కప్పు తీసుకుంది.

"అది మేడంది ఫాతిమా!"

"మేడం ఎక్కడుంది? ఆయనతో పాటు నువ్వే పంపించేశావుగా. సహగమనం ఎప్పుడో ఆగిపోయిందనుకున్నాం. నీ దగ్గర మిగిలుందన్నమాట."

ఫోను మళ్ళీ మోగింది. మేడం కదల్లేదు. నిరంజనే ఎత్తాడు.

"నేను, సాంబశివరావుని. మీ మేడం ఉందా?"

నిరంజన్ కుర్చీలో ఉన్న మేడాన్ని చూశాడు, తెరని చూశాడు.

"లేరండీ."

"ఎక్కడికెళ్ళింది?"

"మీ... మీ వెంటే వచ్చారండీ."

"నా వెంటా? నేనింట్లోనే ఉన్నానయ్యా!"

నిరంజన్ ఫోను పెట్టేశాడు. ఫాతిమాకి టీ పొలమారింది.

అతను నవ్వలేదు. సోమవారం పొద్దున చిట్టెమ్మ క్యాను చంకనెత్తుకుని వచ్చి నిలబడితే కంప్యూటర్ ఏమంటుందో అతనికప్పుడే తెలిసింది.

ఆ టూల్ డేటాబేస్‌తో ఏమంటోందో తెర మీద చూసుకునే వీలుంది. వాగుడెక్కువగా ఉందని నిరంజనే మొదటిరోజు దాని నోరు మూయించాడు. ఇప్పుడు తెరిచి ఒక్కో వాక్యమూ చదివాడు.

భార్యకి భర్త తప్పనిసరి. కనుక భర్తని తీసేస్తే భార్యనీ తీసెయ్.

రెండో వాక్యం అతను చెప్పలేదు. మొదటిది మాత్రం అతనే చెప్పాడు. అందులోంచి రెండోదాన్ని టూల్ కనిపెట్టింది.

సాయంత్రం దాకా తలెత్తలేదు. సభ్యురాలిని పైకి తెచ్చాడు. భర్త గడిని కిందికి దించి, ఖాళీగానూ ఉండవచ్చన్నాడు. భర్త పేరు తీసేటప్పుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో డేటాబేస్ భాషలో తన చేత్తో తనే రాశాడు. మళ్ళీ మేడాన్ని ఎక్కించాడు, సాంబశివరావు గారిని ఎక్కించాడు. మనసులో దణ్ణం పెట్టుకుని ఆయన్ని తీసేశాడు.

కోటేశ్వరి అని కొట్టాడు.

తెర మీద ఆవిడ పేరు నిలబడి ఉంది.

"మేడం" అన్నాడు మెల్లగా.

"ఊఁ" అంటూ మేడం కళ్ళజోడు పెట్టుకుంది. "నా టీ ఏదీ?"

ఫాతిమా మూతి తుడుచుకుంది.

నిరంజన్ అడిగాడు. "ఇంతకీ ఏ టూల్ వాడమంటారు మేడం?"

"మా ఆయన పోయినా నేను మిగిలేది, ఏదైనా సరే."