ఒకే గిన్నెలో మైనం

ముఖలింగం వీణ ముట్టి నెల దాటింది. వాళ్ల నాన్న ఆఖరి రోజుల్లో సొంత కొడుకునే "ఎవరు బాబూ మీరు?" అని అడిగాడు. ఆ మతిమరుపు జబ్బు తనకీ వచ్చే అవకాశం ఎక్కువని ఆమధ్య జన్యు పరీక్షలో తేలింది. అంతే, మనిషి చతికిలపడ్డాడు. నడక మానేశాడు. వేళకి తిండి లేదు, నిద్ర లేదు. ఎలాగూ మరిచిపోయేదానికి నేర్చుకోవడం దేనికని పాఠానికీ ఎగనామం పెట్టాడు.

వీణ పట్టుకుని రమ్మని గురువు అచ్యుతాంబ గారు కబురు పెట్టారు. ఆవిడ మాట కాదనే ధైర్యం విజయనగరంలో ఎవరికుంది? వెళ్లాడు. తన గోడు వెళ్లబోసుకున్నాడు. రక్తంలోనే ఉన్నదానికి ఇక చేసేదేముందని అడిగాడు.

ఆవిడ ఓదార్చలేదు. వాయించమన్నారు. ఒక్క స్వరమూ దాని చోట లేదు. మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి, మెట్లన్నీ పక్కకి ఒరిగిపోయాయి. నెలంతా వీణని పడమటి కిటికీ దగ్గర ఎండకి వదిలేశాడు మహానుభావుడు.

ఆవిడ లోపలి గదిలోంచి తన వీణ తెప్పించి, మీద కప్పిన గుడ్డ తీసి, అదే వరుస వాయించారు. ఎక్కడా తప్పలేదు.

"నా వీణకి వేసిన మైనం మంచిది కాదేమో అమ్మగారూ," అన్నాడు ముఖలింగం.

"రెండిటికీ ఒకే గిన్నెలోది. నువ్వే కదరా కలిపావు."

అవును, తనే కలిపాడు. అప్పుడు, అసలు తనని తినేస్తున్న ప్రశ్న అడిగాడు.

"నీడన పెట్టుకుంటే ఎప్పటికీ జారదా?"

"జారినా జారొచ్చు. మా అమ్మ చివరికి నన్ను గుర్తుపట్టలేదు. నాదీ ఆ రక్తమే."

ఈ సంగతి శిష్యులెవరికీ తెలీదు. ఆవిడ తెల్లారగట్లే కోట చుట్టూ నడుస్తారు. చోడి అంబలి, అదే రాగి జావ, తాగుతారు, పెందలాడే పడుకుంటారు. ఈ వయసులో కూర్చుని కొత్త కీర్తన నేర్చుకుంటున్నారు. అదంతా ముసలావిడ చాదస్తమని వీళ్లు వెనక నవ్వుకునేవారు.

ఆవిడ కుంపటి మీద మైనం గిన్నె పెట్టి, మెట్లు ఊడదియ్యమన్నారు. మళ్లీ అన్నీ నిలబెట్టేసరికి పొద్దు వాలింది. ముఖలింగం వీణ మీద తన కండువా కప్పి, గుమ్మం దగ్గర ఆగాడు.

"రేపు నడకకి నేనూ రానా అమ్మగారూ?"

"గట్టి చెప్పులు వేసుకురా. నేను ఎవరి కోసమూ ఆగను."